గుంటూరు, బెజవాడ ఫోటోలు వికీమీడియా కామన్స్‌లోకి: హక్కుల పద్దుతో సహా పని డైరీ

తెలుగు వికీపీడియాలో గుంటూరు, విజయవాడ ప్రాంతాల ఊళ్ళ మీద, మనుషుల మీద ఉన్న వ్యాసాల్లో చాలావాటికి బొమ్మ లేదు. ఆ లోటు పూడ్చడానికి బ్రాడీపేటలో ఒక మేడగదిలో కూర్చుని మా చిన్న బృందం చేస్తున్న పనికి ఇది డైరీ. తెనాలిలోనో, మచిలీపట్నంలోనో, ఒంగోలులోనో ఇలాంటి పని తలపెట్టేవాళ్ళకు మా దగ్గర పోయిన ఫైళ్ళు మళ్ళీ పోకూడదని, ఏది ఎందుకు పోయిందో, పద్ధతి ఎక్కడ మార్చామో వివరంగా రాస్తున్నాను.

ముందుగా నియమం. వికీపీడియా వ్యాసాల్లో కనబడే బొమ్మల్లో అధికభాగం వికీమీడియా కామన్స్‌లో ఉంటాయి. 2004లో మొదలైన ఈ ఉమ్మడి భాండారం అన్ని భాషల వికీలకూ ఒక్కటే. అందులోకి వెళ్ళే బొమ్మను ఎవరైనా, దేనికైనా, చివరికి వ్యాపారానికైనా, మార్పులు చేసుకుని అయినా వాడుకునే స్వేచ్ఛ ఉండాలి. ఆ స్వేచ్ఛ బొమ్మ పుట్టిన దేశపు చట్టం ప్రకారమూ ఉండాలి, అమెరికా చట్టం ప్రకారమూ ఉండాలి. కాబట్టి గుంటూరు స్టూడియోలో తీసిన ఫోటోకు మన 1957 కాపీరైటు చట్టంతో పాటు అమెరికా లెక్క కూడా చూడక తప్పదు.

మొదటి దశ: తొలి విడత, తొలగింపులు

తొలి విడతలో 180 ఫైళ్ళు ఎక్కించాం. బృంద సభ్యులు తమ ఫోన్లతో తీసినవి 112, వాట్సాప్ గ్రూపుల ద్వారా చేరినవి 41, ఇళ్ళల్లో దొరికిన పాత స్టూడియో ప్రింట్ల స్కాన్లు 27. అన్నిటికీ ‘స్వంత కృతి’ అనే గుర్తు, క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 4.0 లైసెన్సు (తీసినవారి పేరు వేసి, మార్చినదాన్ని అదే లైసెన్సు కింద ఇస్తూ ఎవరైనా వాడుకోవచ్చనేది) పడ్డాయి. కొద్దికాలానికే కామన్స్ నిర్వాహకులు ఒక్కొక్క ఫైలుకూ ఆధారం అడగడం మొదలుపెట్టారు. అనుమతి ఆధారం లేదనే మూస, అంటే ఫైలు పేజీలో పెట్టే తయారు నోటీసు, పడిందంటే సాధారణంగా 7 రోజులే గడువు, అది దాటితే ఫైలు పోతుంది.

వాట్సాప్ ఫైళ్ళు 41లో 37 పోయాయి. కారణం ఫైలు లోపలే కనిపిస్తుంది. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోను కుదించి, పొడవు వైపు 1600 పిక్సెళ్ళ దగ్గరికి తెచ్చి, కెమెరా పేరు, తీసిన తేదీ, లెన్సు వివరం చెప్పే ఎక్సిఫ్ సమాచారాన్ని తీసేస్తుంది. ఫేస్‌బుక్ గుండా వచ్చిన ఫైళ్ళలో ఎఫ్‌బీఎండీ అని మొదలయ్యే ఒక గుర్తు మిగిలిపోతుంది. కామన్స్‌లో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు ఈ రెంటినీ చూడగానే పట్టేస్తారు, వాళ్ళు పట్టుకోవడం న్యాయమే. మా దగ్గర వాటిని పంపినవాళ్ళు దురుద్దేశంతో పంపలేదు. “నా ఫోన్లోనే ఉంది కదన్నా, నాదే” అన్నారు. ఫోటో ఫోన్లో ఉండటం వేరు, దాని మీద హక్కు ఉండటం వేరు. ఈ పనిలో మొట్టమొదట నేర్పవలసింది ఇదే.

సభ్యుల ఫోన్ ఫోటోల్లో పోయినవి 9: బీసెంట్ రోడ్డు ఫ్లెక్సీలు 4, సినిమా పోస్టర్లు 3, గోడ మీద వేసిన రంగుల బొమ్మలు 2. స్టూడియో ప్రింట్లలో 15 పోయాయి.

విడతల మధ్య మార్చిన పద్ధతి ఇది.

1. ఫోటో పంపేవాళ్ళు వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా గాని, డ్రైవ్ లింకుగా గాని అసలు ఫైలునే పంపాలి.
2. వచ్చిన ఫైలును ఎక్సిఫ్ సమాచారం చూపే ఎక్సిఫ్‌టూల్‌తో తెరచి కెమెరా, తేదీ, అసలు కొలత పద్దులో రాయాలి.
3. బొమ్మ ఇస్తే అలాంటివి వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లోనూ టిన్‌ఐలోనూ వెతికి, అదే బొమ్మ అంతకుముందు ఇంకెక్కడైనా వచ్చిందేమో చూడాలి.
4. తీసినవారు బృందంలో లేకపోతే వారి చేతనే వారి ఖాతా నుంచి ఎక్కించాలి. అది కుదరకపోతే మూడో దశలో చెప్పిన ఉత్తరం తీసుకోవాలి.

పద్దు: ఎక్కినవి 180, పోయినవి 61, నిలిచినవి 119.

రెండో దశ: స్టూడియో ప్రింట్లు

ఎక్కువ శ్రమ పెట్టింది ఇక్కడే, మిగతావారికి ఎక్కువ ఉపయోగపడేదీ ఇదే. స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసినవారి, ఊరి బడికి భూమి ఇచ్చినవారి, నాటక సమాజాలు నడిపినవారి ఫోటోలు ఈ ప్రాంతంలో ఇంకా ఇనప్పెట్టెల్లో, గోడ చట్రాల్లో ఉన్నాయి. అవి చెదలు పట్టి పోతుంటే చూస్తూ ఊరుకోలేం. అలాగని స్కాన్ చేసినవారి పేరు పెట్టి ఎక్కిస్తే నిలవవు, ఎందుకంటే స్కాన్ చేయడంతో కొత్త కాపీహక్కు పుట్టదు. ఫైలు పేజీలో రచయిత గడిలో ఫోటోగ్రాఫరు పేరు గాని, ‘తెలియదు’ అని గాని ఉండాలి. స్కాన్ చేసిన మనిషి పేరు వివరణలోకి వెళుతుంది.

ప్రింటును చదవడానికి కొంత నేర్పు కావాలి. కేబినెట్ సైజు ప్రింటు, అంటే 4.25 అంగుళాల వెడల్పు, 6.5 అంగుళాల ఎత్తు ఉన్నదాన్ని, 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2550×3900 పిక్సెళ్ళు వస్తాయి. ముఖం పోలిక, చీర అంచు, వెనక తెర మీద వేసిన స్తంభాల బొమ్మ అన్నీ స్పష్టంగా దక్కుతాయి కాబట్టి అంతకు మించి పెంచనక్కర్లేదు. వెనకవైపు కూడా తప్పకుండా స్కాన్ చేయాలి. అట్ట మీద ఊదారంగు రబ్బరు ముద్ర, పెన్సిలుతో రాసిన నెగెటివ్ నంబరు, ఒక్కోసారి ఏడాది ఉంటాయి. సిరా లేకుండా నొక్కిన ముద్ర స్కానరుకు అందదు. గది చీకటి చేసి, టార్చిని అట్టకు దాదాపు సమాంతరంగా పట్టుకుని, పడిన నీడలను ఫోన్‌తో ఫోటో తీస్తే స్టూడియో పేరూ ఊరి పేరూ చదవవచ్చు. అట్టకు అంటించిన ప్రింటును ఊడదీయడానికి ఎవరూ ప్రయత్నించకూడదు.

ఇక చట్టం. భారతదేశంలో 1958కి ముందు తీసిన ఫోటోలకు పాత చట్టం ప్రకారం, తీసిన నాటి నుంచి 50 ఏళ్ళతో రక్షణ ముగిసిందని కామన్స్ పరిగణిస్తుంది. 1957 చట్టం వచ్చాక లెక్క ప్రచురణ నుంచి సాగింది. గడువు మొదట 50 ఏళ్ళు, తర్వాతి సవరణతో 60 ఏళ్ళు అయింది. 2012 సవరణలో ఫోటోల ప్రత్యేక సెక్షన్ 25ను తీసేశారు కాబట్టి, ఇప్పుడు ఫోటోకు కూడా పుస్తకానికి లాగే రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు వర్తిస్తుంది.

అమెరికా లెక్కలో కీలకమైన తేదీ 1996 జనవరి 1. ఆ రోజున మన దేశంలో ఇంకా రక్షణలో ఉన్న కృతులకు అమెరికాలో కాపీహక్కు తిరిగి దక్కింది. ప్రచురితమైనవాటికి అది ప్రచురణ నుంచి 95 ఏళ్ళ వరకూ సాగుతుంది. అందువల్ల 1952 నాటి ఫోటోకు ఇక్కడ ఎప్పుడో హక్కు తీరిపోయినా, 1996లో అది ఇంకా రక్షణలోనే ఉండటం చేత అక్కడ చిక్కు మిగిలి ఉంటుంది. 1941కి ముందు తీసి, ప్రచురించినవాటికి 1996 నాటికే ఇక్కడ రక్షణ తీరిపోయింది కాబట్టి ఈ చిక్కు లేదు.

మా 27 ప్రింట్లను ఈ లెక్కలో వేసి చూస్తే మూడు కుప్పలు తేలాయి.

1941కి ముందువి 12. ఇవి ఆ కాలపు పత్రికల్లోనో, సభల ప్రత్యేక సంచికల్లోనో అచ్చయ్యాయని చూపించాలి, లేకపోతే ప్రచురణ అన్న మాటకు ఆధారం ఉండదు. ఆ వెతుకులాటలో వేటపాలెం సారస్వత నికేతనం ఎంతో ఆదుకుంది. 1918లో మొదలైన ఆ గ్రంథాలయంలో పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి. సంచిక పేరు, తేదీ, పుట సంఖ్య వివరణలో రాసి, ‘స్వంత కృతి’ గుర్తు తీసేసి, పబ్లిక్ డొమైన్ అని, అంటే కాపీహక్కు తీరిపోయిందని చెప్పే పీడీ-ఇండియా, పీడీ-1996 మూసలు రెండూ పెట్టాక 12కి 12 నిలిచాయి. ఒక్క మూస చాలదు. మొదటిది మన దేశం సంగతి, రెండోది అమెరికా సంగతి చెబుతాయి.

1941 నుంచి 1957 వరకు తీసినవి 9, ఆ తర్వాతవి 6. పోయిన 15 ఇవే. వీటికి దారి చూపింది సెక్షన్ 17(బి). ఒకరు డబ్బిచ్చి, అడిగి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కుదారు తీయించుకున్న మనిషే. అంతకుముందు అమల్లో ఉన్న 1911 చట్టంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. కాబట్టి కొత్తపేటలో స్టూడియోకు వెళ్ళి, రుసుము కట్టి కూర్చుని తీయించుకున్న ఫోటో మీద హక్కు ఆ కుటుంబానిది, ఆ మనిషి పోయాక వారసులది. మూతపడిన స్టూడియో యజమాని కోసం ఊరంతా గాలించే పని చాలా సందర్భాల్లో తప్పుతుంది. పత్రిక ఫోటోగ్రాఫరు సభలో తీసిన ఫోటోకు మాత్రం ఈ సెక్షన్ పనికిరాదు. అలాంటివాటిని మేము పక్కన పెట్టేశాం.

పద్దు: నిలిచినవి 119 (మారలేదు), వారసుల ఉత్తరం కావలసినవి 15.

మూడో దశ: ఉత్తరాలు

కామన్స్‌కు అనుమతి ఉత్తరాలను వీఆర్‌టీ అనే స్వచ్ఛంద బృందం పరిశీలిస్తుంది. 2021 వరకు దాన్ని ఓటీఆర్‌ఎస్ అనేవారు. హక్కుదారు తమ ఈమెయిలు నుంచి వారికి ఉత్తరం పంపితే, అది సరిపోయిందని తేలాక ఫైలు పేజీలో టికెట్ నంబరు పడుతుంది. అప్పటికే తొలగించిన ఫైలైతే తిరిగి తెరుస్తారు. ఉత్తరం అంతా గోప్యంగానే ఉంటుంది.

తొలుత వెళ్ళిన ఉత్తరాల్లో చాలా భాగం తిరుగు ప్రశ్నలతో వచ్చాయి. “మా నాన్నగారి ఫోటోను వికీపీడియాలో వాడుకోవడానికి సంతోషంగా అనుమతిస్తున్నాను” అని రాసిన ఉత్తరం ఎంత ఆప్యాయంగా ఉన్నా పనికిరాదు. వికీపీడియాకు మాత్రమే ఇచ్చిన అనుమతి లైసెన్సు కాదు. కుటుంబం ఇస్తున్నది వికీపీడియాకు కాదు, లోకానికి. ఆ సంగతి ఉత్తరంలో విప్పి చెప్పాలి.

మేము స్థిరపరచుకున్న క్రమం:

1. ఇంటికి వెళ్ళి, లైసెన్సు అర్థాన్ని తెలుగులో చదివి వినిపించాలి. సంతకం మాట ఆ రోజు ఎత్తకూడదు.
2. వారసులు ఒకరికన్నా ఎక్కువమంది ఉంటే అందరి సమ్మతీ కాగితం మీద ఉండాలి.
3. ఉత్తరంలో ఫైలు పేరు, హక్కు తమకు ఎలా వచ్చిందో ఒక వాక్యం, లైసెన్సు పేరు వెర్షన్ సంఖ్యతో సహా, వ్యాపార వినియోగమూ మార్పులూ కూడా అంగీకారమే అన్న మాట, ఇచ్చాక వెనక్కి తీసుకోలేమని తెలుసునన్న మాట, పేరు, తేదీ ఉండాలి.
4. ఉత్తరం పంపాకే ఫైలు ఎక్కించి, అనుమతి పరిశీలనలో ఉందన్న మూస పెట్టాలి.

వ్యాపార వినియోగం దగ్గరే ప్రతి ఇంట్లోనూ మాట ఆగుతుంది. అరండల్‌పేటలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి అడిగారు:

“అంటే మా నాన్న ఫోటో ఎవడైనా అచ్చువేసి అమ్ముకోవచ్చంటావా అబ్బాయ్?”

“అమ్ముకోవచ్చండి మాస్టారూ. కాకపోతే మీరు చెప్పిన పేరు వేసి తీరాలి. ఫోటోను మార్చి వాడితే ఆ మార్చినదాన్ని కూడా ఇదే లైసెన్సు కింద అందరికీ ఇవ్వాలి.”

“వ్యాపారానికి వద్దని రాసిస్తే?”

“అప్పుడు కామన్స్ తీసుకోదండి. మీ ఇష్టప్రకారం మీ దగ్గరే ఉంచుకోవచ్చు.”

ఆయన వారం ఆలోచించుకుని ఇచ్చారు. ఇవ్వనివారూ ఉన్నారు. వారిని ఒత్తిడి చేయకూడదన్నది మా బృందంలో గట్టి నియమం. ఒకసారి ఇస్తే ఎప్పటికీ ఇచ్చినట్టే కాబట్టి, మొహమాటానికి తీసుకున్న సంతకం ఆ కుటుంబానికి చేసిన అన్యాయం అవుతుంది. వ్యాపారానికి వద్దన్న ఎన్‌సీ, మార్పులు వద్దన్న ఎన్‌డీ షరతులున్న లైసెన్సులు కామన్స్‌కు ఎందుకు చెల్లవో కూడా అడిగినవారికి చెబుతాం. వికీపీడియా పాఠాన్ని తీసుకుని ఎవరైనా పుస్తకం అచ్చువేసి అమ్మవచ్చు, అందులో బొమ్మలు ఉండలేని పరిస్థితి రాకూడదన్నది ఉద్దేశం.

15 ప్రింట్లలో 11కి సరైన ఉత్తరాలు వచ్చి ఫైళ్ళు తిరిగి తెరుచుకున్నాయి. వాట్సాప్ కుప్పలో పోయిన 37లో 14కి తీసినవారు దొరికారు. వారు అసలు ఫైళ్ళను తమ ఖాతాల నుంచే ఎక్కించారు.

పద్దు: 119 + 11 + 14 = 144.

నాలుగో దశ: అమరావతి శిల్పాలు

రెండు వేల ఏళ్ళ నాటి శిల్పానికి కాపీహక్కు లేదు, కానీ దాన్ని తీసిన ఫోటోకు ఉంటుంది. శిల్పం మూడు కొలతల వస్తువు. ఏ వైపు నిలబడాలో, వెలుతురు ఎటు నుంచి పడాలో తీసేవారే ఎంచుకుంటారు కాబట్టి ఫోటో వారి సొంత కృతి అవుతుంది. చదునుగా ఉన్న పాత చిత్రాన్నో ముద్రిత పుటనో ఉన్నదున్నట్టు తీసిన ఫోటోకు కామన్స్ ఆ విలువ ఇవ్వదు. 1999లో న్యూయార్కు కోర్టు బ్రిడ్జిమన్ కేసులో చెప్పిన తీర్పు దీనికి ఆధారం.

ఈ తేడా మా పనిని నేరుగా నిర్ణయించింది. అమరావతి స్తూపపు ఫలకాలు ఎన్నో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఆ మ్యూజియం వెబ్‌సైటులో చక్కని ఫోటోలూ ఉన్నాయి. అయితే అవి బై-ఎన్‌సీ-ఎస్‌ఏ 4.0 లైసెన్సు కింద ఉన్నవి. ఎన్‌సీ ఉంది కాబట్టి కామన్స్‌లోకి రావు. మన ఊరి రాయి ఫోటో మనమే ఎక్కించలేకపోవడం బాధగానే ఉంటుంది. అయినా ఎవరైనా మనవాళ్ళు లండన్ వెళ్ళి స్వయంగా తీసి లైసెన్సు ఇస్తే ఆ ఫోటో నిక్షేపంగా వస్తుంది. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన దగ్గరున్న పబ్లిక్ డొమైన్ కృతుల ఫోటోలను సీసీ జీరో కింద, అంటే ఏ షరతూ లేకుండా, ఇస్తోంది. ఏ మ్యూజియం ఫోటో తీసుకున్నా ఆ వస్తువు పేజీలో ఏ గుర్తు ఉందో విడిగా చూడాలి.

మేము అమరావతి వెళ్ళి 36 ఫోటోలు తీశాం. పాత ఫలకాల కోసం జేమ్స్ బర్జెస్ అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద 1887లో వెలువరించిన నివేదిక నుంచి 18 పుటలు స్కాన్లుగా తీసుకున్నాం. బర్జెస్ 1916లో కన్నుమూశారు, పుటలు చదునైనవి, ప్రచురణ 1887 నాటిది కాబట్టి ఎటు చూసినా అడ్డు లేదు. మ్యూజియం లోపల ఫోటో తీయనివ్వడం, తీయనివ్వకపోవడం ఆ ప్రాంగణపు కట్టుబాటు, కాపీహక్కుతో సంబంధం లేదు. అయినా సిబ్బందిని అడగకుండా కెమెరా తీయవద్దని బృందంలో అనుకున్నాం.

పద్దు: 144 + 36 + 18 = 198.

ఐదో దశ: విజయవాడ వీధులు, కొండపల్లి బొమ్మలు

భవనాల ఫోటోలకు సెక్షన్ 52(1)(ఎస్), బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాలకు 52(1)(టి) వెసులుబాటు ఇస్తాయి. అందువల్ల స్వరాజ్య మైదానంలో 2024 జనవరిలో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఫోటోకు శిల్పి అనుమతి అక్కర్లేదు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ ఈ వెసులుబాటు శిల్పాలకూ హస్తకళాకృతులకూ గాని, చిత్రలేఖనాలకు కాదు. గోడ మీద బొమ్మ ఎంత బహిరంగంగా ఉన్నా, ఎవరి డబ్బుతో వేయించినా, వేసిన చిత్రకారుడు గాని హక్కుదారు గాని లైసెన్సు ఇవ్వకుండా కామన్స్‌లో నిలవదు. తొలి విడతలో 2 పోవడానికి కారణం ఇదే. ఫ్లెక్సీలు, సినిమా పోస్టర్లు శాశ్వతమైనవీ కావు, శిల్పాలూ కావు.

ఫ్లెక్సీ అసలే కనబడకుండా బెజవాడ వీధిని ఫోటో తీయడం కష్టం. దానికి కామన్స్‌లో ఒక వివేకం ఉంది. వీధి దృశ్యంలో పోస్టరు అనుకోకుండా, చిన్నగా, తీసేసినా దృశ్యం మారనంతగా ఉంటే అభ్యంతరం ఉండదు. ఫోటో పేరులోనో వివరణలోనో ఆ పోస్టరును ప్రస్తావిస్తే మాత్రం అదే విషయమైపోతుంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మీద కంపెనీ బొమ్మలు కూడా ఇలాగే చూసుకోవాలి. అందుకని నిలబడే చోటు మార్చి, కాయ కనబడేలా తీయమని చెబుతున్నాం.

విజయవాడలో తీసిన 74లో 11 ఎక్కించకముందే పక్కన పెట్టాం. మిగిలిన 63లో ఒక్కటే పోయింది.

కొండపల్లి బొమ్మల దగ్గర ఆలోచన ఎక్కువ పట్టింది. దుకాణం అరలో ఉన్న బొమ్మ బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపినది కాదు, బొమ్మ కూడా కళాకృతే, పైగా అమెరికాలో ఆటబొమ్మలకు కాపీహక్కు గుర్తింపు ఉంది. అంబారీ ఏనుగు, దశావతారాల వంటి తరతరాల రూపాలకు ఒకరి సొంతమనే ప్రశ్న రాదని వాదించవచ్చు గానీ, ఈ చేతి పని ఎవరిదో కళ్ళ ముందే ఉన్నప్పుడు వాదన కన్నా అడగడమే మర్యాద. తెల్ల పొణికి చెక్కను చెక్కి, చింతగింజల మక్కుతో ముక్కలు అతికించి, రంగులు వేసిన కళాకారుడి నుంచి ఉత్తరం తీసుకున్నాం. బొమ్మ రూపానికి ఆయన అనుమతి, ఫోటోకు తీసినవారి లైసెన్సు రెండూ ఫైలు పేజీలో విడివిడిగా నమోదయ్యాయి. భౌగోళిక గుర్తింపు ఉన్నది కొండపల్లి అన్న పేరుకు, ఫోటోకు దానితో ఆటంకం లేదు. ఇలా 8 ఎక్కాయి, 8 నిలిచాయి.

పద్దు: 198 + 62 + 8 = 268.

ఆరో దశ: కామన్స్‌కు వెళ్ళలేనివి

కాపీహక్కు రక్షణలో ఉన్న పుస్తకాల అట్టలు, సంస్థల చిహ్నాలు కామన్స్‌కు పోవు. 2007 మార్చిలో వికీమీడియా ఫౌండేషన్ చేసిన తీర్మానం ప్రకారం, ఒక్కో భాషా వికీ తనకంటూ ఒక విధానం రాసుకుంటే అలాంటివాటిని పరిమితంగా తన దగ్గరే ఉంచుకోవచ్చు. తెలుగు వికీలో దీన్ని సముచిత వినియోగం అంటారు. జీవించి ఉన్నవారి ఫోటోకు ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. వెళ్ళి తీయగలిగిన ఫోటోను అరువు తెచ్చుకోకూడదన్నది ఆ తీర్మానంలోనే ఉంది. సభలకు కెమెరాతో వెళ్ళమని మేము పదేపదే చెప్పేది అందుకే.

అట్టలు 9 స్థానికంగా ఎక్కించాం. ఇంగ్లీషు వికీపీడియాలో పాటించే లక్ష పిక్సెళ్ళ హద్దును మేమూ పెట్టుకుని, 260×380కి, అంటే 98,800 పిక్సెళ్ళకు కుదించాం. ఏ వ్యాసంలో, ఎందుకు, స్వేచ్ఛాచిత్రం ఎందుకు దొరకదో ప్రతిదానికీ రాశాం. 1971లో గుంటూరులోనే కన్నుమూసిన గుర్రం జాషువా గారి పద్యాల పుటలు ఎక్కించవచ్చా అని కొందరు అడిగారు. మన చట్టం లెక్కలో ఆయన రచనలకు 2031 చివరి వరకు రక్షణ ఉంది, ఆపైన అమెరికా లెక్క వేరుగా చూడాలి. కాబట్టి ఎక్కించలేదు.

ప్రస్తుత పద్దు: కామన్స్‌లో 268, తెలుగు వికీలో స్థానికంగా 9, ఉత్తరం రాక ఆగినవి 4.

పద్దు పట్టికలో మేము వాడుతున్న గడులు: ఫైలు పేరు, తీసినవారు, తీయించినవారు, తీసిన ఏడాది, తొలి ప్రచురణ, భారత స్థితి, అమెరికా స్థితి, ఉత్తరం తేదీ, టికెట్ నంబరు. మొదటి ఏడింటిలో ఒక్కటి ఖాళీగా ఉన్నా ఫైలు ఎక్కించడం లేదు. గడి నింపడానికి వివరం లేకపోతే ‘తెలియదు’ అని రాసి, దానివల్ల లెక్క ఎలా మారుతుందో పక్కన రాస్తున్నాం. ఆగిన 4లో 3 ఒకే కుటుంబానివి. వారసుల్లో ఒకరు విదేశంలో ఉన్నారు, వారి సమ్మతి ఈమెయిలు రావాలి. తర్వాతి విడత మంగళగిరి మగ్గాలు. నేతగాళ్ళ ఫోటోలు తీసిన రోజునే, అక్కడే, తీసినవారి చేత లైసెన్సు రాయించి, ముఖం కనబడేవారి సమ్మతిని వేరే కాగితం మీద తీసుకోవాలని నిర్ణయించాం.